ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది తెనాలి. పదకొండేళ్ళుగా గాంధీనగర్‌లో ఉంటున్నాం. మావారు ప్లాస్మా పరిశోధనలో ఇంజినీరు. ఫ్రాన్స్‌లో చాలా దేశాలు కలిసి కడుతున్న ఇటర్ ఫ్యూజన్ ప్రాజెక్టులో (సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ప్రయోగం) ఆయనకు ఐదేళ్ళ ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో బయల్దేరుతున్నాం. పాప ఇప్పుడే నాలుగో తరగతిలోకి వచ్చింది, ఈ డిసెంబరుకు తొమ్మిదేళ్ళు నిండుతాయి. బాబుకు మూడున్నర. అక్కడికి దగ్గర్లో మనోస్క్ అనే ఊళ్ళో ఇటర్ పిల్లల కోసం పెట్టిన ఇంటర్నేషనల్ స్కూలు ఉంది. అందులో సగం ఫ్రెంచ్, సగం ఇంగ్లీషు ఉండే సెక్షన్ ఒకటి, ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే నడిచే యూరోపియన్ సెక్షన్ ఇంకొకటి. దేనికి అప్లై చెయ్యాలో తేలడం లేదు. పాప ఇంట్లో తెలుగు, పక్కింటివాళ్ళతో గుజరాతీ, స్కూల్లో ఇంగ్లీషు, హిందీ మాట్లాడుతుంది. దీనిమీద ఫ్రెంచ్ కూడా అంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతుందని మావారి భయం. "ఇవాళ్టి నుంచి ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడదాం, పిల్లలకు తేలికవుతుంది" అంటున్నారు. ఆ మాట విని మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను లెక్చరర్ ఉద్యోగం మానేసి వెళ్తున్నాను. నాకు ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు. పిల్లల చదువు ఎలా చూసుకోవాలి? ఐదేళ్ళ తర్వాత తిరిగొస్తే పాప ఇక్కడ నిలదొక్కుకోగలదా? మేం మాంసం తినం, బడిలో భోజనం సంగతి కూడా టెన్షన్‌గా ఉంది.
— ఒక అమ్మ, గాంధీనగర్

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారికి ఫోన్ చెయ్యండి. ఇంట్లో తెలుగు మానడం లేదని చెప్పండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. ఇరవై ఏళ్ళ కిందట మేమూ ఇలాగే మావారి ఉద్యోగం కోసం ఫ్రాన్స్‌లో ఇంకో ఊరికి వెళ్ళాం. మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు. బడిలో మూడు నెలలు నోరు విప్పలేదు. టీచరు పిలిచి, "ఇంట్లో మీ భాష తగ్గించండి, ఫ్రెంచ్ వినిపించండి" అంది. ఆవిడ మంచికే చెప్పింది, మేం ఆవిడ మాటే విన్నాం. నేను వచ్చీరాని ఫ్రెంచ్‌లో, మావారు ఇంగ్లీషులో వాడితో మాట్లాడటం మొదలుపెట్టాం. ఏడాది తిరిగేసరికి వాడు ఫ్రెంచ్‌లో గడగడా మాట్లాడాడు. మేం పొంగిపోయాం. మూడో ఏడు సెలవులకు ఇంటికి వెళ్తే, మా నాన్నగారు అరుగు మీద కూర్చుని వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, "ఏరా, బడిలో ఏం చెప్పారు?" అని అడిగారు. వాడికి ప్రశ్న అర్థమైంది. జవాబు చెప్పడానికి మాటలు లేవు. నా వైపు చూశాడు. నాన్నగారు కాసేపు ఆగి, తనకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో, "వాట్ యు రీడ్?" అన్నారు. జీవితమంతా తెలుగు మాస్టారుగా పనిచేసిన మనిషి. మరుసటి సంవత్సరం ఆయన పోయారు. ఆ సాయంత్రాన్ని నేనింకా మర్చిపోలేదు. మావాడు పెద్దయ్యాక తెలుగు మళ్ళీ నేర్చుకున్నాడు. కానీ తాతయ్యతో మాట్లాడటానికి కాదు కదా.

కాబట్టి మీవారితో ఒక మాట చెప్పండి. ఆయన భయం తప్పు కాదు, ఎంచుకున్న మందే తప్పు. పిల్లల బుర్ర గిన్నె కాదు, ఒక భాష పోస్తే ఇంకోటి ఒలికిపోవడానికి. జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979లో ఒక తేడా చూపించాడు. ఆటస్థలంలో మాట్లాడే భాష వేరు, పాఠం చదివి అర్థం చేసుకుని రాసే భాష వేరు. మొదటిది ఏడాది రెండేళ్ళలో వచ్చేస్తుంది. రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. అందుకే కొత్త దేశంలో పిల్లలు టకటకా మాట్లాడేస్తుంటే "వచ్చేసిందిలే" అనుకుంటాం, పరీక్షలో తడబడితే కంగారుపడతాం. ఆయన చెప్పిన ఇంకో సంగతి మీకు మరీ ముఖ్యం. ఒక భాషలో గట్టిగా అర్థమైన విషయం రెండో భాషలో చదివేటప్పుడు కూడా పనికొస్తుంది. భిన్నం అంటే ఏమిటో తెలుగులో తెలిసిన పిల్లకు ఫ్రెంచ్‌లో దాని పేరు నేర్చుకుంటే చాలు. అసలు సంగతే తెలియని పిల్ల పేరు, విషయం రెండూ ఒకేసారి నేర్చుకోవాలి. మీరు తెలుగు ఆపేస్తే పాపకు బరువు తగ్గదు. కాలికింద ఉన్న గట్టినేల పోతుంది.

పైగా మీ పాప ఇప్పటికే నాలుగు భాషల మనిషి. గుజరాతీ ఎవరూ పాఠం చెప్పలేదు కదా? పక్కింటి పిల్లలతో ఆడుకుంటూ నేర్చుకుంది. ఫ్రెంచ్ కూడా ఆమె అలాగే మొదలుపెడుతుంది.

ఇక ఆ బడి గురించి. ఇలాంటి బడులు ఎందుకు పుట్టాయో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. యూరప్‌లో అణుశక్తి పరిశోధనా కేంద్రాలు పెట్టినప్పుడు శాస్త్రవేత్తలను రప్పించడం అంత తేలిక కాలేదు. ల్యాబ్ బాగున్నా, పిల్లల చదువు మాటేమిటని అందరూ అడిగేవారు. దాంతో ల్యాబ్‌కి దగ్గర్లోనే బడి వెలిసింది. ఇటలీలో ఇస్ప్రా కేంద్రం కోసం 1960లో వరేజేలో, జర్మనీలో 1962లో కార్ల్స్‌రూలో, నెదర్లాండ్స్‌లో 1963లో బెర్గెన్‌లో, ఇంగ్లండ్‌లో 'జెట్' అనే ఫ్యూజన్ ప్రయోగ యంత్రం కోసం 1978లో కల్హమ్‌లో యూరోపియన్ స్కూళ్ళు వచ్చాయి. మన దగ్గరా ఇంతే. హైదరాబాద్‌లో అణుశక్తి శాఖవారి ఎన్‌ఎఫ్‌సీ, ఈసీఐఎల్ ఉద్యోగుల పిల్లలకు అణుశక్తి కేంద్రీయ విద్యాలయాలు లేవూ? మనోస్క్ బడి ఆ కోవలోదే. ఇటర్‌ను తన గడ్డ మీద కట్టించుకోవడానికి ఫ్రాన్స్ ఒప్పుకున్న బాధ్యతల్లో ఈ బడి ఒకటి. ప్రాజెక్టు ఒప్పందం మీద 2006 నవంబరులో పారిస్‌లో సంతకాలయ్యాయి, 2007లో బడి మొదలైంది. ఫ్రెంచ్‌తో పాటు ఇంగ్లీషు, జర్మన్, ఇటాలియన్, స్పానిష్, జపనీస్, చైనీస్ సెక్షన్లు ఉన్నాయి. అది ప్రభుత్వ బడి. కొత్త పిల్ల వచ్చి మాట్లాడకుండా కూర్చోవడం అక్కడి టీచర్లకు రోజూ చూసే సంగతి. మీ పాప వింతగా కనిపించదు.

ఆ జాబితాలో తెలుగు లేదు చూడండి. జపాన్ పిల్ల జపనీస్‌ను బడిలోనే నిలబెట్టుకుంటుంది. ఫ్రెంచ్ సంగతి బడీ ఊరూ చూసుకుంటాయి, ఇంగ్లీషు బడి చూసుకుంటుంది. తెలుగుకు మీ ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు. మీవారు ఇంట్లో కూడా ఇంగ్లీషే అంటే, ఉన్న ఆ ఒక్క సెక్షనూ మూసేసినట్టే.

సెక్షన్ మాటకొస్తే, నేనైతే పాపను సగం ఫ్రెంచ్, సగం ఇంగ్లీషు ఉండే దానికే పంపుతాను. ఉండేది ఐదేళ్ళు, పాపకు తొమ్మిదేళ్ళు. ఫ్రెంచ్ చదవడం, రాయడం బాగా పట్టుబడటానికి అది చాలినంత కాలం. రోజూ సగం చదువు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి తిరిగొచ్చేసరికి ఇంగ్లీషు ఎక్కడికీ పోదు. యూరోపియన్ సెక్షన్ మంచిది కాదని నేననడం లేదు. రెండేళ్ళలో తిరిగొచ్చేవాళ్ళకు, పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో వెళ్ళే పిల్లలకు నేను అదే చెబుతాను. ఆ వయసులో సైన్సు, చరిత్ర కొత్త భాషలో మొదలుపెట్టడం చాలా కష్టం. మీ పాపకు ఆ కష్టం లేదు. పైగా బడి గేటు దాటితే ఊరంతా ఫ్రెంచే. పుట్టినరోజు పార్టీకి పిలిచే స్నేహితురాలూ, డాన్సు క్లాసూ, బేకరీ అమ్మా అందరూ ఫ్రెంచే. ఐదేళ్ళు ఆ ఊళ్ళో ఉండి, ఆ ఊరి మాట రాకుండా పెరగడం పిల్లకు ఒక ఒంటరితనం. అయితే చేర్చుకునేముందు బడివాళ్ళు పిల్లల భాష పరీక్షించి చూస్తారు. వాళ్ళు పాపతో మాట్లాడాక ఏమంటారో అది నా మాటకన్నా ఎక్కువగా వినండి. బాబు గురించి అసలు ఆలోచించకండి. మూడున్నరేళ్ళవాడు ఏ సెక్షన్లోనైనా ఇసుకలో ఆడుకుంటూనే నేర్చుకుంటాడు. ఫ్రాన్స్‌లో 2019 నుంచి మూడేళ్ళకే బడి తప్పనిసరి, కాబట్టి వాణ్ణీ చేర్చాల్సిందే.

మొదటి ఏడాది పాప నోటుపుస్తకం చూసి భయపడకండి. అక్కడ నోటుపుస్తకంలో మన సింగిల్ రూల్ లాంటిది ఉండదు. సన్నటి అడ్డగీతలు, నిలువుగీతలు కలిసిన గళ్ళుంటాయి, ఏ అక్షరం ఏ గీతదాకా లేవాలో లెక్క ఉంటుంది. కలిపిరాతే రాయిస్తారు, చాలాచోట్ల ఇంకు పెన్నుతో. దశాంశ బిందువు దగ్గర కామా పెడతారు, 3.5 అని మనం రాసేది అక్కడ 3,5. భాగహారంలో భాజకం కుడిపక్కకి వెళ్తుంది. వాళ్ళ ఒకటి అంకె మనకి ఏడులా కనిపిస్తుంది, అందుకే ఏడుకు నడుం మీద ఒక గీత కొడతారు. అంకెలు చెప్పే తీరు ఇంకో తిరకాసు. తొంభై ఏడును వాళ్ళు "కాత్ర్ వాఁ దీ సెత్" అంటారు, అంటే నాలుగు ఇరవైలు, పది, ఏడు. మావాడికి టీచరు ఆ అంకె చెబుతుంటే, ముందు 4 వేసేవాడు. తర్వాత ఇరవై వినపడగానే 4 కొట్టేసి 80 వేసేవాడు. ఆ తర్వాత పది, ఏడు వచ్చేసరికి అదీ కొట్టేసేవాడు. అప్పటికి టీచరు తర్వాతి అంకెకు వెళ్ళిపోయేది. వాడి పేజీ నిండా కొట్టివేతలే. లెక్కలు రావట్లేదని నేను ఏడ్చాను. లెక్కలు వచ్చు, పేర్లే రావు. వెళ్ళేముందే పాపకు డెబ్బై నుంచి తొంభైతొమ్మిది దాకా ఫ్రెంచ్ అంకెలు ఆటలా నేర్పించండి, ఆమెకు అది పెద్ద సాయం.

మీకు ఫ్రెంచ్ రాదు కాబట్టి చదువు చూసుకోలేనని అనుకుంటున్నారు. లెక్చరర్‌గా పనిచేసిన మీరు ఈ మాట అనకూడదు. అక్కడ ప్రైమరీలో ఇంటికి రాతపని ఇవ్వకూడదని 1956 నుంచే నియమం ఉంది. మన దగ్గరలా రాత్రి పదిదాకా హోంవర్క్ ఉండదు. ఇచ్చేది ఎక్కువగా ఒక పద్యం కంఠతా పట్టడం, డిక్టేషన్‌కి పది మాటలు చూసుకోవడం. పాప ఆ ఫ్రెంచ్ పద్యాన్ని మీకు అప్పజెబుతుంది. మీరు వినండి. విన్నాక, "దీని అర్థం ఏంటో నాకు తెలుగులో చెప్పవే" అనండి. సైన్సు పాఠమైనా అంతే. తనకి అర్థమైనదాన్ని తెలుగులో పెట్టడానికి పిల్ల కిందామీదా పడుతుంది, మాట తట్టకపోతే మిమ్మల్ని అడుగుతుంది. మీరు ఆవిరి, వేరు, భిన్నం, సరిహద్దు అని అందిస్తారు. చదువు చూసుకోవడమంటే ఇదే. ఆ పది నిమిషాల్లో ఫ్రెంచ్ పాఠమూ గట్టిపడుతుంది, తెలుగు కూడా వంటింటి మాటల దగ్గరే ఆగిపోదు. పాప మాటల మధ్యలో ఫ్రెంచ్ ముక్క కలిపితే కోప్పడకండి. ఆ మాటనే మీరు తెలుగులో ఒకసారి అని ముందుకు వెళ్ళిపోండి.

మీవారికి కూడా ఒక పని ఉంది. ఇటర్ యంత్రాన్ని కప్పి ఉంచే క్రయోస్టాట్ మీ గుజరాత్‌లోనే, హజీరాలో, ముక్కలుగా తయారై ఓడల్లో ఫ్రాన్స్ వెళ్ళింది. సుమారు 30 మీటర్ల ఎత్తు, 3,850 టన్నుల బరువు. దాని అడుగు భాగాన్ని 2020 మేలో యంత్రం కూర్చోబెట్టే గుంటలోకి దించారు. నాన్న రాత్రి అన్నం దగ్గర ఈ కథ తెలుగులో చెప్పాలి. అదొక పెద్ద ఫ్లాస్కు అనీ, లోపల ఒకచోట సూర్యుడికన్నా వేడి, దానికి కాస్త దూరంలో భరించలేని చలి అనీ చెప్పాలి. ఇంజినీరు తన పనిని తన పిల్లకు తన భాషలో చెప్పగలిగితే, తెలుగులో పెద్ద విషయాలు కూడా మాట్లాడతారని ఆ పిల్లకు తెలుస్తుంది. ఇంగ్లీషు మాటలు దొర్లితే దొర్లనివ్వండి.

రాయడం, చదవడం వేరే సంగతి, దానికి కొంచెం క్రమం కావాలి. వారానికి రెండు రోజులు అరగంట చాలు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలాంటి తరగతులు విదేశాల్లో పిల్లలకు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో మీకు వీలైన సమయం దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే అమ్మమ్మే టీచరు. వేసవిలో ఫ్రాన్స్‌కీ మనకీ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. మీకు మధ్యాహ్నం రెండయితే తెనాలిలో సాయంత్రం ఐదున్నరో ఆరున్నరో. వారంలో పిల్లలకు తీరిక ఉన్న ఒక మధ్యాహ్నం చూసి ఆ గంట అమ్మమ్మకు రాసిచ్చేయండి. "బాగున్నావా, తిన్నావా" దగ్గర ఆగకుండా, అమ్మమ్మ ఒక కథ సగం చెప్పి ఆపాలి, మిగతా సగం వచ్చే వారం. మీ అమ్మగారి కోపం ఎలా పోతుందో చూడండి.

బాబు కొన్ని నెలలు బడిలో మాట్లాడకపోవచ్చు. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. కొత్త భాషలో పడిన చిన్నపిల్లలు ముందు వింటారు, తర్వాతే మాట్లాడతారు. ఇంట్లో తెలుగులో ఎప్పటిలాగే వాగుతున్నాడా, అల్లరి చేస్తున్నాడా? అయితే వాడు బాగున్నట్టే. ఇంట్లో తెలుగు కూడా తగ్గిపోతే, తెలిసిన మాటలు కూడా మానేస్తుంటే అప్పుడు డాక్టరుకు చూపించాలి. తెలుగు ఉంచడం ఇందుకు కూడా పనికొస్తుంది, బిడ్డ ఎలా ఉన్నాడో మీకు తెలిసేది ఆ భాషలోనే. వెళ్ళేలోగా వాడికి మూడు ముక్కలు నేర్పండి: నీళ్ళు కావాలంటే "ద లో", ఒంటేలుకు "పిపి", ఎక్కడైనా నొప్పైతే చెయ్యి పెట్టి చూపిస్తూ "జే మాల్". మూడున్నరేళ్ళవాడికి మొదటి నెలలో ఈ మూడూ చాలు.

భోజనం గురించి. ఫ్రాన్స్‌లో బడి క్యాంటీన్లలో వారానికి ఒక పూటైనా మాంసం, చేప లేని భోజనం పెట్టాలని 2019 నవంబరు నుంచి నియమం ఉంది. మిగతా రోజుల్లో ఏం పెడతారో మెనూ ముందుగానే ఇస్తారు. చేరిన రోజే "సాఁ వియాండ్", అంటే మాంసం లేకుండా, అని రాతపూర్వకంగా చెప్పండి. బాక్సు కట్టి పంపుదామంటే చాలా బడులు ఒప్పుకోవు, ఎలర్జీలాంటి కారణం ఉంటేనే. మధ్యాహ్నం విరామం పెద్దది కాబట్టి ఇల్లు దగ్గరైతే ఇంటికి తెచ్చుకుని అన్నం పెట్టి పంపవచ్చు. కానీ రోజూ అలా చెయ్యకండి. పక్కన కూర్చున్న పిల్లతో బ్రెడ్డు పంచుకునేటప్పుడే భాష వస్తుంది. వారానికి రెండు రోజులైనా క్యాంటీన్‌కి పంపండి, పొద్దున పెరుగన్నం పెట్టి పంపితే మీకూ బెంగ ఉండదు.

తిరిగి రావడం గురించి ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. అక్కడ తరగతులు పుట్టిన సంవత్సరాన్ని బట్టి నడుస్తాయి. పాప సెప్టెంబరులో చేరేది మన నాలుగుకు సమానమైన తరగతి. హైస్కూల్‌కి వచ్చాక తరగతుల లెక్క వెనక్కి వెళ్తుంది, మన ఆరు వాళ్ళకీ ఆరోదే, మన ఏడు వాళ్ళకి ఐదోది, మన ఎనిమిది నాలుగోది. ఐదేళ్ళు పూర్తయ్యేసరికి మీ పాప ఆ "నాలుగోది", అంటే మన ఎనిమిది, ముగిస్తుంది. సరిగ్గా తొమ్మిదిలో చేరాలి. సీబీఎస్ఈలో బోర్డు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే జరుగుతుంది కాబట్టి అంతకన్నా ఆలస్యం చెయ్యకండి. చిక్కేమిటంటే వాళ్ళ సంవత్సరం జూలైలో ముగుస్తుంది, మనది ఏప్రిల్‌లో మొదలవుతుంది. చేర్చబోయే స్కూలుతో ఆ మూడు నెలల గురించి ఏడాది ముందే మాట్లాడుకోండి. సీబీఎస్ఈలో ఫ్రెంచ్ ఒక భాషగా తీసుకునే వీలుంది, ఆ స్కూల్లో అది ఉందో లేదో అడగండి. ఒకవేళ ఉద్యోగం పొడిగించి అక్కడే ఇంటర్ స్థాయి పూర్తిచేస్తే, మన యూనివర్సిటీల్లో చేరడానికి, ఆ చదువు మన ఇంటర్‌కు సమానమని చెప్పే సమానత్వ పత్రం కావాల్సి రావచ్చు. ఏ సర్టిఫికెట్‌కు, ఏ సబ్జెక్టులతో అది ఇస్తారో పదకొండులోకి వెళ్ళకముందే కనుక్కోండి. ఇంకో మాట, హైస్కూల్లో మార్కులు ఇరవైకి వేస్తారు. పద్నాలుగు వస్తే అక్కడ సంతోషిస్తారు. మీవారు "మిగతా ఆరు ఏమయ్యాయి?" అని అడగకుండా చూసుకునే బాధ్యత మీదే.

చివరగా మీ గురించి. ఉత్తరమంతా పిల్లల గురించే రాసి, మీ ఉద్యోగం సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. పిల్లలు బడికీ, ఆయన ఆఫీసుకీ వెళ్ళాక ఆ ఇంట్లో మీరు ఒక్కరే ఉంటారు. నాకది తెలుసు. మొదటి చలికాలం చాలా పొడుగ్గా ఉంటుంది. పైగా ఆ ప్రాంతంలో మిస్ట్రాల్ అని ఒక చలిగాలి రోజుల తరబడి వీస్తుంది. కొత్తగా వచ్చే ఇటర్ కుటుంబాలకు సాయపడటానికి అక్కడ వెల్‌కమ్ ఆఫీసు ఉంది. వెళ్ళిన వారంలోనే అక్కడికి వెళ్ళి పెద్దవాళ్ళ ఫ్రెంచ్ తరగతుల్లో పేరు రాయించుకోండి. ఇల్లు సర్దుకున్నాక చూద్దాం అనుకుంటే సంక్రాంతి వచ్చేస్తుంది. పాపతో కలిసి మీరూ నేర్చుకుంటున్నారంటే ఆమెకు ఎంత ధైర్యమో. మీ ఉచ్చారణ ఆమె సరిదిద్దుతుంది, సరిదిద్దనివ్వండి. ఆమె తెలుగు ఒత్తులు మీరు దిద్దుతారు.

అక్టోబరు చివర తూసాఁ సెలవులని రెండు వారాలు వస్తాయి. అప్పటికి బడి మొదలై ఏడెనిమిది వారాలవుతుంది. ఆ సెలవుల్లో బాబు ఎలా ఉన్నాడో నాకు రాయండి. ఆ ఉత్తరం కింద పాపను కూడా రెండు ముక్కలు రాయమనండి, ఒత్తులు తప్పినా సరే.